ఆఫీసు నెట్ ఉపవాసం

2, సోమవారం

రోజంతా నువ్వు ఏం లాగుతున్నావో, ఎంత లాగుతున్నావో ఎవరికీ కనపడదనుకుంటున్నావా?

ఈ ప్రశ్న ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. ఈ డైరీ చదివేది నేనొక్కడినే. అయినా ఎదురుగా ఎవరో ఒకరు తల వంచుకుని కూర్చుని ఉన్నారనుకుంటే తప్ప నా కలం కదలదు. ఆదివారాలు సంఘంలో ప్రసంగించే అలవాటు.

సంగతి ఇది. మా ఆఫీసు నెట్ కొన ఊపిరితో ఉంది. మాది దెబ్బతిన్న బండ్లను చూసే ఆఫీసు. ఎవరి కారో ఎక్కడో గుద్దుకుంటుంది. అక్కడి మెకానిక్ ఫోన్ పట్టుకుని బండి చుట్టూ తిరుగుతూ వీడియో తీసి పంపుతాడు. మావాళ్ళు అది చూసి, నష్టం ఎంతవరకు నిజమో రాసి ఇన్సూరెన్సు కంపెనీకి పంపుతారు. ఇప్పుడు ఆ వీడియో సగంలో ఆగిపోతోంది. బంపరు గాల్లో వేలాడుతూ ఉంటుంది, మావాళ్ళు దాన్ని చూస్తూ కూర్చుంటారు, అవతల బండివాడు తిడుతూ ఉంటాడు.

పెద్ద లైను ఇవ్వడానికి హెడ్డాఫీసు ఒక షరతు పెట్టింది. రెండు వారాలు వాడకం కొలిచి పంపాలి. ఉన్న లైను చాలడం లేదని తేలితే కొత్త లైను వస్తుంది, వీడియో పని ఇక్కడే ఉంటుంది. తేలకపోతే ఆ పని పక్క శాఖకు పోతుంది. వీడియో కుర్చీలో కూర్చునేది మా చెల్లెలు. నడుం దెబ్బ తగిలి బావ మంచం పట్టినప్పటి నుంచి ఆ ఇంటికి ఆ కుర్చీయే ఆధారం.

మేనేజరు పిలిచి అన్నాడు. "కుర్చీలు, నీళ్ళ క్యాన్లు, కరెంటు బిల్లు చూసేది మీరే కాబట్టి నెట్ కూడా మీ కిందికే వస్తుంది."

సాయంత్రం మెట్లు దిగుతూ చెల్లెలు అడిగింది. "అన్నయ్యా, నీకు మీటరు చదవడం వచ్చా?"

"గురువు లేకుండా బైబిలు గ్రంథం మొత్తం చదివినవాణ్ణి. ఒక మీటరు చదవలేనా?"

"అది నువ్వు తప్పు చదివినా పైనుంచి దిగొచ్చి దిద్దేవాళ్ళు లేరు, చెల్లిపోయింది. ఇది తప్పు చదివితే నా కుర్చీ పోతుంది."

నాలుక మా అమ్మది.

3, మంగళవారం

మీటరాయన వచ్చాడు. నెట్ కంపెనీ పంపిన మనిషి. భూమికి పునాది వేసిన రోజున దగ్గరుండి కొలతలు చెప్పినట్టు నడుస్తాడు. తుడుపు కర్రలు పెట్టుకునే గదిలో, రౌటరు పక్కన, ఆకుపచ్చ దీపాలున్న చిన్న పెట్టె బిగించాడు. దాని లెక్క నా కంప్యూటర్లో కనపడేలా చేశాడు.

"పైన అడ్డంగా ఉన్న గీత మీ లైను పట్టే మొత్తం. కింద ఎగురుతున్న గీత మీవాళ్ళు వాడేది. రెండూ తగిలాయంటే లైను నిండినట్టు."

మేం చూస్తుండగానే తగిలాయి. భోజనాల వేళ దాకా విడిపోలేదు.

"రెండు వారాలు ఇలాగే ఉంటే చాలు, పెద్ద లైను ఇవ్వక చస్తారా" అన్నాడు.

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకండి. కొలుస్తున్నామని ఎవరితోనూ అనకండి. అదొక్కటే పని. మీకది కష్టమని విన్నాను."

"ఎవరన్నారు?"

"మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ."

పోతూ పోతూ ఏ సీటు ఎంత లాగుతోందో చూపించే జాబితా తెరిచి పెట్టాడు. తెరవకుండా ఉండాల్సింది. మొదట మేనేజరు క్యాబిన్. ఆఫీసులో ఉన్న కెమెరాలన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ఫోన్లోకి పారుతూనే ఉంటాయట. ఆయన ఇంట్లో ఉన్నా, మంగలి దగ్గర ఉన్నా సరే. తర్వాత చెల్లెలి వీడియోలు. ఆ తర్వాత లెక్కల సీటు. అక్కడ కూర్చునే ముసలాయన చెవుల్లో రోజంతా పాటలు. ఆఫీసులో ఆయన పేరే పాటలాయన. ఆ కింద ఇల్లు కట్టుకుంటున్న టైపిస్టమ్మ, గోడలకు ఏ రంగు వేస్తే బాగుంటుందో చూసుకుంటోంది.

క్యాబిన్ గురించి నేనేమీ అనుకోలేదు. పెద్దల లెక్క పైవాడే చూసుకుంటాడు.

పాటల మీద మాత్రం కడుపు మండింది.

4, బుధవారం

చెప్పకూడదట. దీపం వెలిగించి బుట్ట కింద పెట్టమంటున్నాడు ఆ మీటరాయన.

5, గురువారం

చెప్పాను.

పొద్దున వేలిముద్ర మిషను ముందు అందరూ వరసలో ఉంటారు. వేలు పడేదాకా ఎవరూ కదలలేరు. అంత శ్రద్ధగల సంఘం నాకు ఆదివారం కూడా దొరకదు. నీళ్ళ క్యాను పక్కన నిలబడి మొదలుపెట్టాను. తుడుపు కర్రల గదిలో ఒక కన్ను తెరుచుకుందని, ఏ వేలు ఏం నొక్కిందో దానికి తెలుసని, చీకట్లో లాగినదంతా వెలుగులో గీతై కనపడుతోందని చెప్పాను. మంగళవారం రికార్డు నా దగ్గర ఉందన్నాను. పేర్లు చెప్పనన్నాను. తర్వాత పాటలాయన వైపు చూశాను.

"అయ్యగారూ, నేను వినేవి భక్తి పాటలే" అన్నాడాయన.

"భక్తి ఉంటే పాట గుండెలో మోగాలి. లైనులో కాదు."

ఆయన చెవుల్లోంచి తీగలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నెమ్మదిగా, మడతలు పెట్టి. టైపిస్టమ్మ ముఖం ఆవిడ వెతుక్కుంటున్న రంగుల్లో ఒకదానికి మారింది.

వరస చివరి నుంచి చెల్లెలు అడిగింది. "పని వీడియోలు కూడా పాపమేనా అన్నయ్యా?"

"అవసరం ఎంతో, ఆడంబరం ఎంతో నీ మనస్సాక్షికే తెలుసు."

అది చెల్లెలి కోసం సిద్ధం చేసుకున్న మాట కాదు. గొంతు వేడి మీద ఉన్నప్పుడు దానంతట అదే వచ్చింది. బాగా వచ్చింది.

6, శుక్రవారం

గీత పడింది. నిన్న మధ్యాహ్నానికే వంగింది, ఇవాళ పూర్తిగా పడింది. పైగీతకూ దానికీ మధ్య బస్సు పోయేంత చోటు. పెట్టెలో దీపాలు కూడా శాంతంగా ఆరి వెలుగుతున్నాయి. ఇన్నేళ్ళుగా ప్రసంగిస్తున్నాను. మారుమనస్సును గీత గీసి చూపించిన యంత్రం ఇదే మొదలు.

8, ఆదివారం

టైర్ల దుకాణం పైనున్న మా ప్రార్థన హాలులో దీని మీదే మాట్లాడాను. కొలిచేవాడు ఉన్నాడని తెలిస్తే మనిషి ఎలా బాగుపడతాడో గీతతో సహా వివరించాను. కింద గాలి కొట్టే మిషను మధ్యమధ్య బుస్సుమంటుంటే నాకు తోడు పలికినట్టే ఉంది. ఎవరో ఆమేన్ అన్నారు కూడా.

పొద్దున గ్రంథం తెరిస్తే, ఒక రాజు గర్వంతో తన జనాన్ని లెక్కపెట్టించుకున్న భాగం వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియదు. పేజీ తిప్పేశాను.

10, మంగళవారం

ఇవాళ నా కళ్ళు చెమర్చాయి.

నీళ్ళ ట్యాంకు చూద్దామని డాబా ఎక్కాను. మావాళ్ళు ఐదారుగురు అక్కడ ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో మూల. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. అందరూ రెండు చేతులూ గుండె దగ్గర పెట్టుకుని, తలలు వంచుకుని ఉన్నారు. చెల్లెలు పిట్టగోడ దగ్గర, పెదవులు కదుపుతూ. ఎండలో.

చప్పుడు చెయ్యకుండా దిగి వచ్చేశాను. ట్యాంకు సంగతి మర్చిపోయాను. మధ్యాహ్నం నీళ్ళు రాలేదు.

11, బుధవారం

మా ఆవిడ అడిగింది. "మీ చెల్లెలి ఫోను ఎప్పుడు చేసినా కలవదేం? కలిస్తే చార్జింగు లేదంటుంది."

"ఉపవాసంలో ఉంది" అన్నాను.

"ఫోనా?"

ఆడవాళ్ళకు ఆత్మీయ విషయాలు విడమరిచి చెప్పాలంటే తీరిక ఉండాలి.

13, శుక్రవారం

కొలత ముగిసింది. మీటరాయన ఫోన్ చేశాడు.

"ఏమైందండీ, ఆఫీసుకు సెలవిచ్చారా?"

"మారుమనస్సు ఇచ్చాం."

"సెలవైనా బాగుండేది. ఇవి మామూలు రోజుల గీతలు కావు. నేను వీటి మీద సంతకం పెట్టను."

"ఇదే అసలు వాడకం. ముందుదంతా చెత్త."

"అయితే మీరే పెట్టండి" అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టాను. గీతలకు ఒక లేఖ కూడా జత చేశాను. మొదటి రెండు రోజులవీ అజ్ఞాన కాలపు అంకెలు కాబట్టి లెక్కలోంచి తీసేశానని రాశాను. మా శాఖ సిబ్బంది నిగ్రహం గురించి ఒక పేజీ రాశాను. ఇంత నమ్మకస్తులకు పెద్ద లైను ఇస్తే ఇంకెంత నమ్మకంగా వాడుకుంటారో ఆలోచించమని ముగించాను. ఆ ముగింపు రెండుసార్లు చదువుకున్నాను.

17, మంగళవారం

జవాబు వచ్చింది. మేనేజరు క్యాబిన్‌లోకి పిలిచాడు.

"మీ నివేదిక చాలా స్పష్టంగా ఉందని రాశారు."

కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను.

"ఉన్న లైనులో సగం కూడా వాడటం లేదు కాబట్టి పెద్దది అక్కర్లేదట. వీడియో పనికి ఇక్కడ గిరాకీ లేదని తేలింది కాబట్టి ఒకటో తారీకు నుంచి అది పక్క శాఖకు. ఆ సీటు తీసేస్తున్నారు."

"గిరాకీ లేకపోవడమేంటండీ? రోజూ బండ్లు గుద్దుకుంటూనే ఉన్నాయి కదా."

"గీత పంపింది మీరే కదండీ."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. అందులో చిన్న చిన్న గళ్ళు. ఒక గడిలో ఈ క్యాబినే ఉంది. అందులో పైనుంచి ఒక బట్టతల కనపడుతోంది. అది నాదని గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

వాళ్ళు చదవడంలో లోపమేదో జరిగి ఉంటుంది. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అంకెలు అబద్ధం చెప్పవు. హెడ్డాఫీసు వాళ్ళది కఠిన హృదయం.

అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

18, బుధవారం

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళాను. బావ మంచం మీద ఉన్నాడు. చెల్లెలు నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. విషయం ఆఫీసులోనే తెలిసింది. నన్ను చూసి ఒక దిండు గలేబు గట్టిగా దులిపింది.

"చెల్లీ, హెడ్డాఫీసు వాళ్ళు..."

"నువ్వు నీళ్ళ క్యాను దగ్గర మాట్లాడావు చూడు, ఆ పూట నుంచీ నా వీడియోలన్నీ నా ఫోన్లోంచే పోతున్నాయి. నా ఒక్కదానివే కాదు. అందరి పనీ. టైపిస్టమ్మ కాగితాలు కూడా."

"ఎక్కణ్ణుంచి?"

"డాబా మీంచి. సిగ్నలు అక్కడే దొరుకుతుంది మరి."

"మీరంతా తలలు వంచుకుని..."

"ఫోను చేతిలో ఉంటే తల పైకెత్తి చూస్తామా?"

"నీ పెదవులు కదులుతున్నాయి."

"మెకానిక్‌తో మాట్లాడుతున్నా. 'ఎడమవైపు తలుపు చూపించు బాబూ, ఎడమవైపు' అని. నువ్వేమనుకున్నావు?"



"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎప్పుడు చెప్పాలి? వరసలో అడిగాను కదా, పని వీడియోలు కూడా పాపమేనా అని. మనస్సాక్షి అన్నావు. నువ్వు మాట్లాడతావు, మేం వింటాం. చిన్నప్పటి నుంచీ అదే కదా ఏర్పాటు." మడతపెట్టిన చొక్కా మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఒకటో తారీకు తర్వాత ఈయన మందులకు ఎక్కడికి పోవాలో అది కూడా నీళ్ళ క్యాను దగ్గర చెబుతావా?"

మంచం మీంచి బావ అన్నాడు. "కూర్చో బావా. నిలబడి ఉంటే ఇంకా ప్రసంగం అయిపోలేదనుకుంటుంది."

కూర్చున్నాను. ప్రార్థన చేస్తానన్నాను.

"చెయ్యి. ముందు ఆ మీటరాయనకు ఫోన్ చెయ్యి" అంది చెల్లెలు. కళ్ళెత్తి చూడలేదు.

19, గురువారం

రాజు తన జనాన్ని లెక్కపెట్టించిన భాగం ఇవాళ పేజీ తిప్పకుండా చదివాను. లెక్కపెట్టించిన వాడి మీద పడలేదు దెబ్బ. లెక్కలో ఉన్నవాళ్ళ మీద పడింది. ఇన్నిసార్లు ప్రసంగించిన భాగమే ఇది. ఎప్పుడూ రాజు వైపు నుంచే చెప్పాను.

మీటరాయన నా మాటలు మొత్తం విన్నాడు. మధ్యలో నవ్వలేదు. ఆ దయ నేను ఎదురుచూడలేదు. చివర్లో నవ్వాడు.

"మీరు పారేసిన మొదటి రెండు రోజులూ నా దగ్గర ఉన్నాయి. అవి చాలవు. వాటికి తోడు ఇంకొక మామూలు రోజు కావాలి. రేపు సాయంత్రం లోపు పంపితే మళ్ళీ చూస్తామని నిన్ననే హెడ్డాఫీసు చేత అనిపించాను. సోమవారం ఆ లైను డబ్బు ఇంకో శాఖకు రాసేస్తారట."

"రేపు అందరి చేతా అన్నీ తెరిపిస్తాను. గీత పైకప్పు తగలాలి."

"ఇదిగో, మళ్ళీ. పనికిమాలిన సినిమాలు పెట్టించి గీత ఎగరేస్తే అదీ అబద్ధమే. నేను పంపను. వాళ్ళు రోజూ ఎలా ఉంటారో అలా ఉండాలి. అంతే."

"అదెంత పని."

"చాలా పని. మొన్న దొంగలన్నవాడు ఇవాళ రండి వాడుకోండంటే బోను పెట్టాడనుకుంటారు. మిమ్మల్ని ఎందుకు నమ్మాలి వాళ్ళు?"

దానికి జవాబు నాకు తెలుసు. రెండు వారాలుగా తెలుసు. క్యాబిన్ తలుపు తట్టాను.

"జాబితాలో మొదటి పేరు మీదండీ" అన్నాను మేనేజరుతో. "అందరిలోకీ ఎక్కువ లాగేది మీ కెమెరాలు. ఆ మాట మింగేసి పాటలాయన మీద పడ్డాను. రేపు అందరి ముందూ చెబుతాను."

ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు. ఇన్నేళ్ళలో అది బోర్లా ఉండటం చూడలేదు.

"అది అవసరమా?"

"పాటలాయన పేరు చెప్పకుండానే చెప్పాను కదండీ. అప్పుడెవరూ అవసరమా అనలేదు."

"కెమెరాలు రేపు ఆపెయ్యమంటారా అయితే?"

"వద్దండి. మామూలు రోజు కావాలి. మీరు మామూలుగానే చూసుకోండి. చూస్తున్నారని అందరికీ తెలుస్తుంది, అంతే తేడా."

బోర్లా ఉన్న ఫోన్‌ను వేలితో గుండ్రంగా తిప్పాడు. వీడియో పని పోయిన శాఖకు మేనేజరు ఎంతకాలం ఉంటాడో ఆయనా లెక్క వేసుకుంటున్నాడని అర్థమైంది. చివరికి "క్లుప్తంగా చెప్పండి" అన్నాడు.

జీవితంలో నాకెవరూ ఇవ్వలేకపోయిన సలహా.

20, శుక్రవారం, ఆఫీసుకు బయలుదేరే ముందు

వేలిముద్ర మిషను దగ్గర చెప్పాల్సింది రాసుకుంటున్నాను. మొదటిసారి రాసింది నిప్పులు కురిసింది. కొట్టేశాను. రెండోదాంట్లో రాజు వచ్చాడు. ఆయన్నీ పంపించేశాను. మిగిలింది ఇది.

మీ వాడకం కొలుస్తానని చెప్పి, నా గొంతు ఎంత దూరం వినపడుతుందో కొలిచాను. డాబా దాకా వినపడుతుందని తేలింది. మిమ్మల్ని ఎండలో నిలబెట్టి, మీ ఫోన్లలో డేటా కరిగించి, ఆ గీతను సాక్ష్యంగా పంపాను. దానివల్ల ఒక కుర్చీ పోతోంది. ఇవాళ ఒకటి, రేపు మిగతావి. ఎక్కువ లాగేది మేనేజరుగారి కెమెరాలని నాకు మొదటి మంగళవారమే తెలుసు. నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు రాదని చెప్పినవాళ్ళు నన్ను తక్కువ అంచనా వేశారు.

(ఇది వరసలో చెప్పేది కాదు. పాటలాయన దగ్గరకు వెళ్ళి విడిగా క్షమించమని అడగాలి. మైకు లేకుండా.)

ఇవాళ పెట్టె మళ్ళీ కొలుస్తుంది. సాయంత్రానికి గీత హెడ్డాఫీసుకు వెళ్ళిపోవాలి. సోమవారం చేద్దాంలే అనుకున్నవాళ్ళకు సోమవారం ఏమీ ఉండదు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. నాకు భయపడి వద్దు, నా మీద జాలిపడీ వద్దు. మామూలుగా పని చేసుకోండి. పెద్దాయనా, రోజూ వినేన్ని పాటలు వినండి. టైపిస్టమ్మా, ఆ గోడ రంగు ఇవాళైనా తేల్చండి. ఇది చెప్పగానే నేను డాబా ఎక్కి పిట్టగోడ మీద కూర్చుంటాను. సాయంత్రం దాకా దిగను. ఎవరి స్క్రీనూ నాకు కనపడదు, నా గొంతూ మీకు వినపడదు. ట్యాంకు చూసే పని కూడా ఒకటి మిగిలిపోయింది.

చెల్లీ, ముందు నువ్వు. ఫోను సంచిలో వెయ్యి. వెళ్ళి నీ కుర్చీలో కూర్చో. నిన్న సాయంత్రం ఆగిపోయిన ఆ వ్యాను తలుపు వీడియో ఇంకా పోలేదు కదా, దాన్ని ఆఫీసు లైనులో పెట్టు. నన్ను చూడకు. నొక్కు, ఇప్పుడే.